స్థలకాలం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సైన్స్ మీద ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులు సాపేక్ష సిద్ధాంతం ప్రస్తావన వచ్చినప్పుడు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. కొన్నింటికి జవాబు చిన్నది. కొన్నింటికి మాత్రం ఓపికగా చదవవలసినంత పెద్దది. వరుసగా చదివితే మేలు, ఎందుకంటే రెండో ప్రశ్నకు ఇచ్చిన జవాబు మీదనే తర్వాతి జవాబులు చాలావరకు ఆధారపడి ఉన్నాయి.

స్థలకాలం అంటే ఏమిటి?

ప్రతి సంఘటనకూ ఒక చోటు, ఒక సమయం ఉంటాయి. కాజీపేట జంక్షన్‌లో ఒక రైలు ఆగిందని కచ్చితంగా చెప్పాలంటే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడు సంఖ్యలతోపాటు ఎప్పుడు ఆగిందో చెప్పే నాలుగో సంఖ్య కూడా కావాలి. జరిగినవీ, జరుగుతున్నవీ, జరగబోయేవీ అయిన సంఘటనలన్నింటినీ కలిపి చూస్తే ఏర్పడే ఈ నాలుగు పరిమాణాల విస్తృతినే భౌతికశాస్త్రం స్థలకాలం అంటుంది.

ఇంతవరకు చెప్పినదాంట్లో న్యూటన్ కాదనేది ఏమీ లేదు. మూడు సంఖ్యల పక్కన నాలుగోది రాసుకోవడానికి ఆయనకూ అభ్యంతరం ఉండేది కాదు. కొత్త సంగతి మరొకటి ఉంది. రెండు సంఘటనల మధ్య దూరం ఎంత, వ్యవధి ఎంత అన్న ప్రశ్నలకు వేర్వేరు వేగాలతో కదిలే పరిశీలకులు వేర్వేరు జవాబులు చెబుతారు, వారిలో ఎవరి కొలతా తప్పు కాదు. అయితే ఆ దూరాన్నీ ఆ వ్యవధినీ ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కలిపి లెక్కించే మూడో కొలత విషయంలో మాత్రం అందరి జవాబూ ఒక్కటే అవుతుంది. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ కొలత ఒక్కటే కాబట్టి, ప్రకృతిలో అసలైన వాస్తవం విడివిడి స్థలమూ విడివిడి కాలమూ కాదని, ఆ రెండూ కలిసిన స్థలకాలమేనని చెప్పవలసి వచ్చింది.

ఐన్‌స్టీన్ 1905లో ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతాన్ని ప్రచురించినప్పుడు దానిని ఈ రూపంలో చెప్పలేదు. జ్యూరిక్‌లో ఆయనకు గణితం బోధించిన హెర్మన్ మింకోవ్‌స్కీ 1908 సెప్టెంబర్ 21న జర్మనీలోని కొలోన్ నగరంలో చేసిన ప్రసంగంలో ఈ జ్యామితి దృష్టిని లోకం ముందు పెట్టాడు. ఆ తర్వాత నాలుగు నెలలు తిరగకుండానే, 1909 జనవరిలో, ఆయన మరణించాడు. తాను వేసిన పునాది మీద గురుత్వ సిద్ధాంతం లేవడాన్ని చూడలేకపోయాడు.

కాలం నాలుగో పరిమాణమైతే, అది కూడా పొడవు, వెడల్పుల వంటిదేనా?

కొంతవరకే. ఎంతవరకో తెలియాలంటే మొదట మామూలు జ్యామితిని గుర్తు చేసుకోవాలి.

వరంగల్ పటం ఒకటి తీసుకొని భద్రకాళి గుడి నుంచి ఓరుగల్లు కోటకు ఉన్న దూరాన్ని తూర్పుకు ఇంత, దక్షిణానికి ఇంత అని రెండు ముక్కలుగా కొలిచామనుకుందాం. మరొకరు అదే పటాన్ని కొంచెం తిప్పి, దిక్కులను బట్టి కాకుండా ఒక పెద్ద రోడ్డు వెంట ఇంత, దానికి అడ్డంగా ఇంత అని కొలిచారనుకుందాం. ఆయన సంఖ్యలు రెండూ మన సంఖ్యల కంటే వేరుగా ఉంటాయి. అయినా రెండు సంఖ్యల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే వచ్చే దూరం ఇద్దరికీ ఒకటే. గుడికీ కోటకూ మధ్య నిజంగా ఉన్నది ఆ దూరం, ముక్కలు మాత్రం మనం పటాన్ని పట్టుకున్న తీరు నుంచి పుట్టినవి.

స్థలకాలంలోనూ ఇదే జరుగుతుంది. ఇక్కడ పటాన్ని తిప్పడం అంటే వేరే వేగంతో కదలడం. స్టేషన్‌లో నిలబడిన మనిషి, రైలులో వెళ్లే మనిషి ఒకే జత సంఘటనలను చూస్తూ వాటి మధ్య ఎడాన్ని స్థలంగా ఇంత, కాలంగా ఇంత అని వేర్వేరుగా విడదీస్తారు. ఇద్దరికీ సమానంగా వచ్చే కొలతను స్థలకాల అంతరం అంటారు.

అయితే ఈ అంతరాన్ని లెక్కించే సూత్రంలో కూడిక గుర్తు స్థానంలో తీసివేత గుర్తు ఉంటుంది. కాంతి వేగాన్ని వ్యవధితో గుణించి వర్గం చేయాలి, అందులోనుంచి దూరం వర్గాన్ని తీసివేయాలి. దూరాన్ని కాంతి సంవత్సరాల్లో, కాలాన్ని సంవత్సరాల్లో కొలిస్తే కాంతి వేగం విలువ ఒకటి అవుతుంది కాబట్టి లెక్క ఇంకా సులువవుతుంది. పదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతం చదివిన ప్రతి విద్యార్థికీ 6, 8, 10 అనే త్రికం తెలుసు. అక్కడ 6 వర్గం, 8 వర్గం కూడితే 10 వర్గం వస్తుంది. ఇక్కడ 10 సంవత్సరాల వ్యవధి, 8 కాంతి సంవత్సరాల దూరం ఉన్న రెండు సంఘటనల మధ్య అంతరం 100లోంచి 64 తీసివేయగా మిగిలే 36కు వర్గమూలం, అంటే 6 సంవత్సరాలు.

సాపేక్ష సిద్ధాంతంలో మనకు వింతగా తోచేవన్నీ ఈ ఒక్క తీసివేత గుర్తులోనే ఉన్నాయని నా అభిప్రాయం. కాలం పొడవు వంటిదే అయి ఉంటే అక్కడ కూడిక ఉండేది, రేపటికి వెళ్లినట్టే నిన్నటికి తిరిగి వెళ్లడానికీ అడ్డు ఉండేది కాదు. తీసివేత వల్ల సంఘటనల జతలు మూడు రకాలుగా విడిపోతాయి. ఫలితం ధనసంఖ్య అయితే ఒక సంఘటన మరొకదానికి కారణం కాగలదు, ఏది ముందు ఏది వెనుక అన్న విషయంలో పరిశీలకులందరూ ఏకీభవిస్తారు. ఫలితం సున్నా అయితే ఆ రెండింటినీ కాంతి మాత్రమే కలపగలదు. ఫలితం రుణసంఖ్య అయితే కాంతి కూడా ఒకదాని నుంచి రెండోదానికి సమయానికి చేరలేదు, కాబట్టి వాటి మధ్య కార్యకారణ సంబంధం ఉండదు. అటువంటి సంఘటనల్లో ఏది ముందు జరిగిందన్నది చూసేవారిని బట్టి మారిపోతుంది.

కాంతి వేగం అందరికీ ఒకటేనని ఎలా నమ్మాలి?

కొలిచి చూశారు కాబట్టి. 1860ల్లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ విద్యుత్తునూ అయస్కాంతత్వాన్నీ ఏకం చేసిన సమీకరణాల నుంచి కాంతికి ఒక నిర్దిష్ట వేగం వచ్చింది. అది ఎవరి దృష్ట్యా వేగమో ఆ సమీకరణాలు చెప్పలేదు. ఈథర్ అనే మాధ్యమం దృష్ట్యా అయి ఉంటుందని అప్పటివారు భావించారు. సూర్యుని చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగే భూమి మీద ఆ మాధ్యమపు ఆనవాలు దొరకాలని 1887లో మైకెల్‌సన్, మోర్లీ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వెతికారు. వారు ఆశించిన తేడా కనిపించలేదు. 1964లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో ఇంకా సూటిగా పరీక్షించారు. కాంతి వేగానికి అతి దగ్గరి వేగంతో దూసుకుపోయే పయాన్ అనే అతి సూక్ష్మ కణాలు విచ్ఛిన్నమైనప్పుడు వెలువడిన కాంతి కూడా మామూలు కాంతి వేగంతోనే ప్రయాణించింది. కణం వేగం దానికి జతకాలేదు.

ఈ వేగం ఎంత స్థిరమంటే, 1983 నుంచి దానిని సెకనుకు 29,97,92,458 మీటర్లుగా నిర్ణయించి, మీటరు పొడవునే దాని ఆధారంగా నిర్వచిస్తున్నారు.

"ఇప్పుడు" అన్నది విశ్వమంతటా ఒకటే కాదా?

కాదు. విద్యార్థులకు అన్నింటికంటే కష్టంగా అనిపించేది ఇదే, అందువల్ల కొంచెం నిదానంగా చూద్దాం.

ముందుగా ఒక గందరగోళాన్ని పక్కన పెట్టాలి. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి చెందినది. వరంగల్ రేఖాంశం దాదాపు 79.6 డిగ్రీలు. కాబట్టి సూర్యుని బట్టి చూసే మన స్థానిక కాలం గడియారం కంటే సగటున పదకొండు, పన్నెండు నిమిషాలు వెనుక ఉంటుంది. ఇది మనుషులు చేసుకున్న ఏర్పాటు మాత్రమే, సాపేక్షతతో దీనికి సంబంధం లేదు. గడియారాలన్నింటినీ ఎంత జాగ్రత్తగా సరిచేసుకున్నా మిగిలిపోయే భేదం గురించే ఇక్కడ మాట్లాడుతున్నాం.

కాజీపేటలో ఒకటి, సికింద్రాబాద్‌లో ఒకటి చొప్పున రెండు దీపాలు ఒకేసారి వెలిగాయని ప్లాట్‌ఫాం మీద నిలబడిన మనిషి నిర్ధారించాడనుకుందాం. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలులోని మనిషి కాంతి ప్రయాణానికి పట్టిన సమయాన్ని సరిగ్గా తీసివేసి లెక్కించినా, ఆ రెండు దీపాలూ ఒకేసారి వెలగలేదన్న జవాబే వస్తుంది. తేడా ఎంత? దూరం సుమారు 130 కిలోమీటర్లు కాబట్టి, సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో దాదాపు 50 భాగాలు. మన అనుభవంలో ఇది ఎన్నడూ బయటపడదు, అందుకే "ఇప్పుడు" అనే భావన మనకు అంత సహజంగా ఉంది.

దూరం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. దేవయాని అని మనం పిలిచే ఆండ్రోమెడా గెలాక్సీ సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భద్రకాళి చెరువు కట్ట మీద ఒకరు కూర్చొని ఉండగా మరొకరు ఆ గెలాక్సీ ఉన్న దిక్కుకు మామూలుగా నడుస్తుంటే, అక్కడ "ఇప్పుడు" జరుగుతున్నది ఏది అన్న విషయంలో ఇద్దరి లెక్కలకూ దాదాపు నాలుగు రోజుల తేడా వస్తుంది. ఈ తేడా వల్ల ఎవరికీ ముందుగా ఏమీ తెలియదు, ఎందుకంటే అక్కడి నుంచి ఈ రోజు మన కంటికి చేరుతున్న వెలుగు 25 లక్షల సంవత్సరాల కిందట బయలుదేరినది. కార్యకారణ క్రమానికి భంగం కలగకుండానే ఉమ్మడి "ఇప్పుడు" అదృశ్యమవుతుంది.

వేగంగా వెళ్లేవారికి కాలం నిజంగా నెమ్మదిస్తుందా, లేక అలా కనిపిస్తుందా?

నిజంగానే తక్కువ కాలం గడుస్తుంది. దీనికి సాక్ష్యం మన తల మీదుగా ప్రతి క్షణమూ పోతూనే ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణం పై పొరల్లోని అణువులను ఢీకొన్నప్పుడు, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తులో, మ్యూయాన్ అనే కణాలు పుడతాయి. వాటి సగటు జీవితకాలం సెకనులో పది లక్షలవ వంతుకు 2.2 రెట్లు మాత్రమే. కాంతి వేగంలో 99.8 శాతం వేగంతో వచ్చినా అంత సేపట్లో వెళ్లగలిగింది 660 మీటర్లు. ఆ లెక్కన వెయ్యి కోట్ల మ్యూయాన్లు బయలుదేరితే నేలకు చేరేవి ఒకటో రెండో ఉండాలి. నిజానికి సముద్ర మట్టం వద్ద ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నిమిషానికి దాదాపు ఒక మ్యూయాన్ పడుతోంది.

ఆ వేగంలో మ్యూయాన్ గడియారం మన గడియారం కంటే దాదాపు 16 రెట్లు నెమ్మదిగా నడుస్తుంది, అందుకే అది బతికి రాగలుగుతుంది. మ్యూయాన్ వైపు నుంచి చూస్తే దాని జీవితకాలం మారలేదు, మన 15 కిలోమీటర్ల వాతావరణమే ఒక కిలోమీటరు కంటే తక్కువకు కుదించుకుపోయింది. ఒకరు కాలమని చెప్పినదానిని మరొకరు దూరమని చెబుతున్నారు. నేలకు చేరిన మ్యూయాన్ల సంఖ్య మాత్రం ఇద్దరి లెక్కలోనూ ఒకటే.

కవలల సమస్య అంటే ఏమిటి? అందులో వైరుధ్యం లేదా?

హన్మకొండలో ఇద్దరు కవల అక్కాచెల్లెళ్లు ఉన్నారనుకుందాం. అక్క ఇంట్లోనే ఉంటుంది. చెల్లెలు కాంతి వేగంలో 80 శాతం వేగంతో 8 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక నక్షత్రానికి వెళ్లి, వెంటనే అదే వేగంతో తిరిగి వస్తుంది. అక్క లెక్కలో వెళ్లడానికి 10 ఏళ్లు, రావడానికి 10 ఏళ్లు, మొత్తం 20 ఏళ్లు. చెల్లెలికి గడిచిన కాలం పైన చెప్పిన అంతరమే. 10, 8 నుంచి 6 వస్తుంది, రెండు దిశలకూ కలిపి 12 ఏళ్లు. ఇంటికి వచ్చేసరికి చెల్లెలు అక్క కంటే ఎనిమిదేళ్లు చిన్నదై ఉంటుంది.

వేగం సాపేక్షమే కదా, చెల్లెలి దృష్టిలో అక్కే దూరం వెళ్లి తిరిగి వచ్చింది కదా అని తెలివైన విద్యార్థి తప్పక అడుగుతాడు. అడగాలి కూడా. ఇద్దరి ప్రయాణాలూ ఒకే రకమైనవి కావు. స్థలకాలంలో అక్క దారి తిన్నగా ఉంది, చెల్లెలి దారి నక్షత్రం దగ్గర మలుపు తిరిగింది. ఆ మలుపు దగ్గర ఇంజిన్ తోపును అనుభవించినది చెల్లెలే. తిన్నని దారి, మలుపు ఉన్న దారి రెండూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసినా వాటి పొడవులు సమానం కానక్కరలేదు. కాగితం మీద తిన్నని గీత అన్నింటికంటే చిన్నది. స్థలకాలంలో తీసివేత గుర్తు కారణంగా తిన్నని గీతలోనే అన్నింటికంటే ఎక్కువ కాలం గడుస్తుంది. వైరుధ్యం ఏమీ లేదు.

1971లో హాఫెలే, కీటింగ్ అనే శాస్త్రజ్ఞులు సీజియం పరమాణు గడియారాలను ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తూర్పు దిశగా ఒకసారి, పడమర దిశగా ఒకసారి తిప్పి, నేల మీది గడియారాలతో పోల్చి చూశారు. సిద్ధాంతం చెప్పిన తేడాలే కనిపించాయి.

గురుత్వాకర్షణ బలం కాదు, వక్రత అంటారు. పైకి విసిరిన బంతి కిందికి ఎందుకు పడుతుంది మరి?

స్వేచ్ఛగా పడిపోయే మనిషికి తన బరువు తెలియదన్న ఆలోచన ఐన్‌స్టీన్‌కు 1907లో వచ్చింది. దానిని గణితంగా మలచడానికి ఎనిమిదేళ్లు పట్టింది, 1915 నవంబర్‌లో సాధారణ సాపేక్ష సిద్ధాంతం పూర్తయింది. ఆ సిద్ధాంతంలో ద్రవ్యరాశి, శక్తి తమ చుట్టూ ఉన్న స్థలకాలాన్ని వక్రంగా చేస్తాయి. ఇతర బలాలేవీ పనిచేయని వస్తువు ఆ వక్ర స్థలకాలంలో తనకు సాధ్యమైనంత తిన్నని దారిలో వెళుతుంది. నేల మీద నిలబడిన మనల్ని భూమి కిందికి లాగడం లేదు. తిన్నని దారిలో పోనివ్వకుండా నేలే మన పాదాలను పైకి నెడుతోంది.

బంతి దారి అంత వంకరగా కనిపిస్తుంటే తిన్నని దారి అనడం ఏమిటన్న సందేహం సహజం. మన కంటికి కనిపించేది స్థలంలోని దారి మాత్రమే. ఐదు మీటర్ల ఎత్తుకు విసిరిన బంతి తిరిగి చేతికి రావడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది. స్థలకాలంలో రెండు సెకన్లంటే, కాంతి వేగంతో గుణిస్తే, సుమారు ఆరు లక్షల కిలోమీటర్లు. ఆరు లక్షల కిలోమీటర్ల పొడవున్న దారి మధ్యలో ఐదు మీటర్ల ఉబ్బు ఉంటే దానిని వంకర అని అనడం కష్టం. ఆ వంపును పూర్తి వృత్తంగా పొడిగిస్తే దాని వ్యాసార్ధం దాదాపు ఒక కాంతి సంవత్సరం వస్తుంది. నెమ్మదిగా విసిరిన బంతికీ, తుపాకీ నుంచి వెలువడిన గుండుకూ, జారవిడిచిన రాయికీ ఈ వ్యాసార్ధం ఒకటే. వస్తువు ఏదైనా, వేగం ఎంతైనా ఒకే వంపు వచ్చిందంటే ఆ వంపు వస్తువుకు చెందినది కాదు, స్థలకాలానిదే. ఈ లెక్కను ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా తన చేత్తో చేసి చూడాలని నా కోరిక.

సాగే గుడ్డ మీద ఇనుప గుండు పెట్టి చూపించే బొమ్మ సరైనదేనా?

పాఠశాలల సైన్స్ ప్రదర్శనల్లో ఈ నమూనా తప్పకుండా కనిపిస్తుంది. వక్రత అన్న మాటకు ఒక రూపం ఇస్తుంది కాబట్టి పనికిరానిదని అనను. కానీ అందులో రెండు లోపాలు ఉన్నాయి. గుండు గుడ్డను కిందికి నొక్కడానికి అసలు భూమి గురుత్వమే కారణం, అంటే దేనిని వివరించాలో దానినే ముందుగా వాడుకుంటున్నాం. అంతకంటే పెద్ద లోపం, ఆ గుడ్డ స్థలంలోని వక్రతను మాత్రమే చూపుతుంది. మన చుట్టూ ఉన్న నెమ్మది వేగాల లోకంలో వస్తువులు పడడానికి దాదాపు పూర్తి కారణం కాలంలోని వక్రత, అంటే ఎత్తును బట్టి గడియారాల నడక మారడం.

ఎత్తును బట్టి గడియారం నడక మారుతుందా? వరంగల్‌లో ఎంత మారుతుంది?

మారుతుంది. ఎత్తు పెరిగితే గడియారం వేగంగా నడుస్తుంది. 1960లో పౌండ్, రెబ్కా హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక గోపురంలో 22.5 మీటర్ల ఎత్తు తేడాతో దీనిని నిరూపించారు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థలో 33 సెంటీమీటర్ల తేడాతో, 2022లో కేవలం ఒక మిల్లీమీటరు తేడాతో కూడా కొలవగలిగారు.

వరంగల్ సముద్ర మట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్ర తీరంలోని గడియారంతో పోలిస్తే ఇక్కడి గడియారం ఏడాదికి ఇంచుమించు ఒక మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలవ వంతు, ముందుంటుంది. గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించి కాంతి వేగం వర్గంతో భాగిస్తే ఈ జవాబు వస్తుంది.

ఇదంతా నిత్యజీవితంలో ఎక్కడైనా పనికివస్తుందా?

మేడారం దారి తెలియక ఫోన్‌లో పటం తెరిచిన ప్రతివారూ దీనిని వాడుకుంటున్నారు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 3.9 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు వెనుకబడతాయి, ఎత్తు వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మొత్తం మీద రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. ఒక మైక్రోసెకనులో కాంతి 300 మీటర్లు పోతుంది కాబట్టి, సరిదిద్దకపోతే దూరాల లెక్కలో రోజుకు దాదాపు 11 కిలోమీటర్ల తేడా పేరుకుంటుంది. అందుకే 10.23 మెగాహెర్ట్జ్ వద్ద నడవవలసిన గడియారాన్ని ప్రయోగానికి ముందే 10.22999999543 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి అమర్చుతారు. మన దేశపు నావిక్ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటికీ ఇటువంటి సవరణ తప్పదు.

స్థలకాలం వంగుతుందనడానికి ఖగోళంలో ఆధారాలు ఏమిటి?

బుధగ్రహ కక్ష్య న్యూటన్ లెక్కకు అందకుండా వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) అదనంగా జరుగుతున్న సంగతి 19వ శతాబ్దం నుంచి తెలుసు. ఐన్‌స్టీన్ సమీకరణాలు ఆ 43ను సరిగ్గా ఇచ్చాయి. 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో, బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లోనూ ఆఫ్రికా తీరంలోని ప్రిన్సిపీ దీవిలోనూ తీసిన ఫోటోల్లో, సూర్యుని పక్కన కనిపించిన నక్షత్రాలు స్థానం తప్పినట్టు తేలింది. సూర్యుని పక్కగా వచ్చే కాంతికి సిద్ధాంతం చెప్పిన వంపు 1.75 ఆర్క్ సెకన్లు, న్యూటన్ పద్ధతిలో లెక్కిస్తే అందులో సగమే వస్తుంది. ఫోటోలు ఐన్‌స్టీన్ విలువ వైపే మొగ్గాయి. ఆ మరుసటి ఏడాది, 1920లో, మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల వ్యాసాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి అనువదించగా కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఇద్దరూ అప్పటికి ముప్పై ఏళ్లు నిండని అధ్యాపకులు. మన విద్యార్థులకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

గురుత్వ తరంగాలు అంటే ఏమిటి? మన దగ్గరలో ఒక కేంద్రం వస్తోందంటున్నారు, నిజమేనా?

భారీ వస్తువులు వేగంగా కదిలినప్పుడు స్థలకాలపు వక్రతలో పుట్టిన మార్పు కాంతి వేగంతో అన్ని దిక్కులకూ వ్యాపిస్తుంది. అవే గురుత్వ తరంగాలు. అమెరికాలోని హాన్‌ఫోర్డ్, లివింగ్‌స్టన్‌లలో ఉన్న లైగో పరికరాలు 2015 సెప్టెంబర్ 14న వాటిని మొదటిసారి సూటిగా పట్టుకున్నాయి. సూర్యుని కంటే దాదాపు 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశి ఉన్న రెండు కృష్ణబిలాలు (కాంతిని కూడా బయటికి పోనివ్వనివి), సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఘటన అది. మూడు సూర్యుల ద్రవ్యరాశికి సమానమైన శక్తి తరంగాలుగా వెలువడింది. ఇక్కడికి చేరేసరికి నాలుగు కిలోమీటర్ల పొడవున్న లైగో భుజంలో అది కలిగించిన మార్పు ప్రోటాన్ వ్యాసంలో దాదాపు వెయ్యో వంతు మాత్రమే.

మీరు విన్నది నిజమే. లైగో-ఇండియా కేంద్రానికి మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, ఔండా నాగనాథ్ సమీపంలో స్థలం ఎంపికైంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం సుమారు 2,600 కోట్ల రూపాయల వ్యయంతో దానికి ఆమోదం తెలిపింది. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్ జిల్లాలకు ఆనుకొని ఉన్న నాందేడ్ దాటితే హింగోలి వస్తుంది, అంటే ఉత్తర తెలంగాణకు ఇది ఇరుగుపొరుగు ప్రయోగశాల. అమెరికాలోని రెండు పరికరాలకు చాలా దూరంలో మరొకటి ఉంటే, ఒక తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు. ఈ కేంద్రానికి భౌతికశాస్త్రజ్ఞులే కాదు, లేజర్, శూన్య (వాక్యూమ్) సాంకేతికత, కంపన నియంత్రణ, కంప్యూటర్ రంగాల్లో శిక్షణ పొందినవారు కూడా అవసరం. బాసర, వరంగల్‌లలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఈ అవకాశాన్ని ఇప్పటి నుంచే దృష్టిలో పెట్టుకోవాలి.

కృష్ణబిలంలో స్థలకాలానికి ఏమవుతుంది?

సూర్యుని ద్రవ్యరాశినంతా మూడు కిలోమీటర్ల వ్యాసార్ధంలోకి కుదిస్తే కాంతి కూడా బయటికి రాలేని హద్దు ఏర్పడుతుంది. ఆ హద్దు లోపల కేంద్రం అన్నది ఒక చోటు కాకుండా భవిష్యత్తు అవుతుంది, రేపటిని తప్పించుకోలేనట్టే దానినీ తప్పించుకోలేం. ఈ విషయంలో మన దేశం వారి కృషి గొప్పది. అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో కోల్‌కతా నుంచి ప్రచురించిన సమీకరణం పెన్‌రోజ్, హాకింగ్ సిద్ధాంతాలకు ఆధారమైంది, పెన్‌రోజ్‌కు 2020లో నోబెల్ బహుమతి లభించింది. కదిలించిన కృష్ణబిలం ఎలా కంపిస్తుందో కన్నడిగుడైన సి.వి. విశ్వేశ్వర 1970లో లెక్కించి చూపాడు. లైగో సంకేతం చివరి భాగంలో వెతికేది ఆ కంపనాలనే.

కాలంలో వెనక్కి వెళ్లవచ్చా?

ముందుకు వెళ్లవచ్చు, పైన చెప్పిన చెల్లెలు వెళ్లినది అలాగే. వెనక్కి వెళ్లడానికి వీలు కల్పించే పరిష్కారాలు ఐన్‌స్టీన్ సమీకరణాల్లో కాగితం మీద దొరుకుతాయి గాని, ప్రకృతిలో అటువంటిది ఉందనడానికి ఏ ఆధారమూ లేదు.

రైవతుడు బ్రహ్మలోకానికి వెళ్లి వచ్చేసరికి యుగాలు గడిచిపోయాయని భాగవతంలో ఉంది. అది సాపేక్ష సిద్ధాంతమే కదా?

పోతన పుట్టిన బమ్మెర మనకు పొరుగునే ఉంది కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ తరచుగా వస్తుంది. నవమ స్కంధంలోని ఆ కథలో, కూతురు రేవతికి వరుని గురించి అడగడానికి వెళ్లిన రాజు తిరిగి వచ్చేసరికి 27 మహాయుగాలు గడిచిపోతాయి. కాలం అందరికీ ఒకేలా నడవకపోవచ్చునని ఊహించగలిగిన మనసులు ఆ కథను చెప్పాయి, ఆ ఊహ పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఎంత వేగానికి ఎంత తేడా వస్తుందో ఆ కథ చెప్పదు, చెప్పడం దాని ఉద్దేశమూ కాదు. వేగం ఇస్తే వ్యవధిని లెక్కకట్టి, గడియారంతో సరిచూసుకోగలిగినప్పుడే అది భౌతికశాస్త్ర సిద్ధాంతం అవుతుంది. రెండింటినీ వేటి స్థానంలో వాటిని ఉంచితే రెండింటికీ న్యాయం చేసినవాళ్లం అవుతాం.

దీనిని నేర్చుకోవాలంటే ఎంత గణితం రావాలి?

ప్రత్యేక సాపేక్షతకు పదో తరగతి బీజగణితం, పైథాగరస్ సిద్ధాంతం దాదాపు సరిపోతాయి. సాధారణ సాపేక్షతకు కలనగణితం, అవకలన జ్యామితి, టెన్సర్లు కావాలి, పీజీ స్థాయిలో రెండు సెమిస్టర్ల శ్రద్ధ అవసరమవుతుంది. రెండోది రాదేమోనన్న భయంతో మొదటిదాన్ని వదిలిపెట్టకూడదు.

మొదలుపెట్టడానికి ఒక లెక్క ఇస్తున్నాను. ఒక నౌక 12 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రానికి భూమి లెక్కలో 13 సంవత్సరాల్లో చేరింది. నౌకలోని వారికి ఎంత కాలం గడిచింది? భూమికీ ఆ నక్షత్రానికీ మధ్య దూరాన్ని నౌకలోని వారు ఎంతగా కొలుస్తారు? మొదటి ప్రశ్నకు జవాబు 5 సంవత్సరాలు. నౌక వేగం కాంతి వేగంలో 13లో 12 వంతులు కాబట్టి, రెండో ప్రశ్నకు జవాబు 60ని 13తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 4.6 కాంతి సంవత్సరాలు.